పాత మోడల్ రైలు ఇంజిన్ల మరమ్మతు, ఆధునికీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉన్న ఇంజిన్ చేతికొచ్చింది. పట్టాల మీద పెట్టి కరెంటు ఇచ్చి చూడొచ్చా?

ముందు ఆగండి. చాలాకాలం కదలని ఇంజిన్‌లో పాత గ్రీజు గట్టిపడి గేర్లను పట్టేసి ఉంటుంది. ఆ స్థితిలో 12 వోల్టులు ఇస్తే మోటారు తిరగదు, కరెంటు మాత్రం లాగుతూనే ఉంటుంది. కాసేపటికే వైండింగ్ వేడెక్కి వార్నిష్ కాలిన వాసన వస్తుంది. బాగున్న మోటారును చేజేతులా కాల్చుకోవడమే అది.

బాడీ విప్పి, మోటారు షాఫ్టును గానీ ఫ్లైవీల్‌ను గానీ వేలితో మెల్లగా తిప్పండి. చక్రాలు పట్టుకుని తిప్పొద్దు. చాలా ఇంజిన్లలో వార్మ్ గేర్, అంటే స్క్రూ మరలా ఉండే గేరు, ఉంటుంది. మోటారు చక్రాలను తిప్పగలదు గానీ చక్రాలు మోటారును తిప్పలేవు, బలవంతం చేస్తే గేరు పళ్లు పోతాయి. చక్రాలు ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా షాఫ్టు ఎక్కడా పట్టేయకుండా తిరిగితే, అప్పుడు కరెంటు సంగతి చూద్దాం.

విప్పేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. తీసిన స్క్రూలను వరుసగా పెట్టుకోండి, ఎందుకంటే చూడ్డానికి ఒకేలా ఉన్నా పొడవులు తేడాగా ఉంటాయి. పొడవాటి స్క్రూ తప్పు చోట బిగిస్తే కింద ఉన్న గేరునో వైరునో తాకుతుంది. బ్రష్‌లను, అంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలను, నొక్కే స్ప్రింగులు ఎగిరిపోవడం మామూలే. మోటారు మూత తీసేటప్పుడు ఇంజిన్‌ను ఒక పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు సంచి లోపలికి పోనిచ్చి పని చేస్తే ఎగిరినవి అందులోనే దొరుకుతాయి. పాత ప్లాస్టిక్ బాడీ గొళ్లేలు పెళుసుగా ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య రెండు పక్కలా పలచటి ప్లాస్టిక్ ముక్కలు దూర్చి వెడల్పు చేస్తే బాడీ దానంతట అదే వదులుతుంది.

పాత గ్రీజు ఎలా వదిలించాలి? తర్వాత ఏ నూనె వేయాలి?

గేర్లు, ఇరుసులు, బేరింగులు విడదీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే చాలావరకు వస్తుంది. గేరు పళ్ల మధ్య మిగిలిన దాన్ని చెక్క టూత్‌పిక్ మొనతో ఒక్కో పన్ను దగ్గరా తీయాల్సిందే. రంగు వేసిన భాగాలకు ఆల్కహాల్ తగలనివ్వకండి, కొన్ని పాత రంగులు కరిగి వచ్చేస్తాయి. అసిటోన్, పెయింట్ థిన్నర్ లాంటివి ప్లాస్టిక్ దగ్గరకే రానివ్వకండి.

నూనె విషయంలో అందరూ చేసే పొరపాటు ఎక్కువ వేయడం. బేరింగుకు సూది మొనతో అంటించినంత చాలు. ఎక్కువైన నూనె షాఫ్టు వెంట పాకి కమ్యుటేటర్ (బ్రష్‌లు తాకే రాగి వలయం) మీదికి చేరుతుంది, అక్కడ కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్దవుతుంది. గేర్లకు ప్లాస్టిక్‌ను పాడు చేయని పలచటి గ్రీజు, షాఫ్టు బేరింగులకు ప్లాస్టిక్‌కు సరిపడే పలచటి నూనె వాడండి. తుప్పు వదిలించే స్ప్రేలు లూబ్రికెంట్లు కావు. వాటిలో సాల్వెంటే ఎక్కువ. అది ఆరిపోయాక మిగిలేది జిగట పొర.

ఇంజిన్ అసలు కదలడం లేదు. మోటారు పోయినట్టేనా?

మోటారును అనుమానించడం చివర. ముందు అది మంచిదో కాదో తేల్చుకోండి. 9 వోల్టుల బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, నేరుగా మోటారు బ్రష్ టెర్మినళ్లకు తాకించండి. తిరిగితే మోటారు మంచిదే, కరెంటు దారిలో ఎక్కడో తెగింది. ఇప్పుడు మల్టీమీటర్ తీసి, చక్రం నుంచి బ్రష్ దాకా ఒక్కో అతుకూ దాటుకుంటూ కంటిన్యుటీ (కరెంటు తెగకుండా పారుతోందా అని) చూడండి. చక్రాన్ని తాకి కరెంటు తీసుకునే పిక్-అప్ రేకు వంగి దూరమైపోవడం, ఛాసిస్ స్క్రూ కింద తుప్పు చేరడం, ఎప్పుడో వేసిన టంకం విడిపోవడం, చాలామటుకు ఇవే దొరుకుతాయి.

ఇత్తడి ఆవిరి ఇంజిన్లలో ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. ఇంజిన్ చక్రాలు ఒక పట్టా నుంచి, టెండర్ (వెనక తగిలించే బొగ్గు, నీళ్ల బండి) చక్రాలు రెండో పట్టా నుంచి కరెంటు తీసుకుంటాయి. టెండర్ కరెంటు ఇంజిన్‌కు చేరేది రెండింటినీ కలిపే డ్రాబార్ గుండా. ఆ డ్రాబార్ పిన్ను దగ్గర మసి పట్టినా, స్ప్రింగు బలం తగ్గినా ఇంజిన్ ఆగి ఆగి నడుస్తుంది. మసి తుడిచి వదిలేయడం కంటే, ఇంజిన్‌కూ టెండర్‌కూ మధ్య మెత్తటి సన్నని వైరు ఒకటి టంకం వేయడం మేలు. ఆ సమస్య మళ్లీ రాదు.

లయనెల్ కంపెనీ వాళ్ల పాత మూడు పట్టాల ఇంజిన్లయితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. వాటిలో ఈ-యూనిట్ అనే రిలే ఉంటుంది. కరెంటు ఆపి ఇచ్చిన ప్రతిసారీ అది ముందుకు, న్యూట్రల్, వెనక్కి, న్యూట్రల్ అనే వరుసలో మారుతుంది. న్యూట్రల్‌లో ఉన్న ఇంజిన్‌ను పాడైందనుకుని విప్పేసేవాళ్లు ఉన్నారు. కరెంటు ఒకసారి ఆపి మళ్లీ ఇచ్చి చూడండి. దాన్ని ఒకే స్థితిలో ఆపేసే చిన్న లీవరు కూడా ఉంటుంది, అది ఎటు ఉందో చూడండి.

మోటారు తిరుగుతోంది గానీ బలం లేదు, వేడెక్కుతోంది. ఎందుకు?

మూడు చోట్ల చూడాలి.

మొదటిది కమ్యుటేటర్. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చివర రాగి ముక్కలు కనిపిస్తాయి, మూడు పోల్స్ మోటారుకు మూడు, ఐదు పోల్స్‌కు ఐదు. వాటి మధ్య సన్నని చీలికలుంటాయి. బ్రష్‌ల నుంచి రాలిన కార్బన్ ఆ చీలికల్లో నిండితే ఒక ముక్క నుంచి పక్క ముక్కకు కరెంటు కారిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. టేబుల్ లైటు కింద పెట్టి చూడండి. రాగి గోధుమ రంగులో మెరుస్తూ, చీలికలు నల్లటి ఖాళీ గీతల్లా లోతుగా కనిపించాలి. గీత బదులు నున్నగా నిండిన నలుపు కనిపిస్తే టూత్‌పిక్ మొనను ఆ చీలిక వెంట లాగండి, కార్బన్ పొడిపొడిగా లేస్తుంది. తర్వాత ఆల్కహాల్‌లో ముంచిన కాటన్ బడ్‌తో రాగిని తుడవండి. గరుకు కాగితం వద్దు, దాని గీతలు బ్రష్‌లను త్వరగా అరగదీస్తాయి.

రెండోది బ్రష్‌లు. అరిగి పొట్టివైతే స్ప్రింగు నొక్కడం తగ్గి నిప్పురవ్వలు ఎక్కువవుతాయి. కొత్తవి వేసేటప్పుడు రెండూ ఒకేసారి మార్చండి. ట్రయాంగ్ కంపెనీ ఎక్స్04 లాంటి మోటార్లలో బ్రష్‌లను నొక్కే స్ప్రింగు తీగకు ఒక పక్క ఇన్సులేషన్ గొట్టం తొడిగి ఉంటుంది. అది జారితేనో, ఎక్కించడం మరిచిపోతేనో షార్ట్ సర్క్యూటే.

మూడోది అయస్కాంతం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత ఓపెన్ ఫ్రేమ్ మోటార్లలో ఆల్నికో అనే మిశ్రమ లోహపు అయస్కాంతం వాడేవారు. దాన్ని ఇనుప చట్రంలోంచి బయటికి తీసినా, ఆర్మేచర్ తీసి ఖాళీగా వదిలేసినా అయస్కాంత బలం కొంత పోతుంది. అందుకే దాన్ని తీయాల్సి వస్తే రెండు కొసలనూ కలుపుతూ ఒక ఇనుప ముక్క పెట్టాలి. బలం తగ్గిన మోటారు వింతగా ప్రవర్తిస్తుంది. ఖాళీగా తిప్పితే ముందుకంటే వేగంగా తిరుగుతుంది, పెట్టెలు తగిలిస్తే లాగలేదు, కరెంటు మాత్రం ఎక్కువ తింటుంది. అదే కొలతలో నియోడిమియం అయస్కాంతం వేస్తే ప్రాణం లేచొచ్చినట్టు నడుస్తుంది. మరీ బలమైనది వేస్తే మాత్రం ఆర్మేచర్ ప్రతి పోల్ దగ్గరా ఆగి ఆగి కదులుతుంది, నిదానంగా నడపడం కుదరదు.

అన్నీ సరిగా ఉన్నా ఇంజిన్ వెనక్కి నడుస్తోందా? అయస్కాంతం తిరగబడి కూర్చుని ఉండొచ్చు. రెండు పట్టాల డీసీలో కుడి పట్టా పాజిటివ్ అయితే ఇంజిన్ ముందుకు వెళ్లాలి, ఇది చాలామంది పాటించే నియమం.

ప్రతి చుట్టుకూ టక్కుమని శబ్దం, కొంచెం కుంటుతున్నట్టు నడక. ఏం చేయాలి?

డీజిల్ ఇంజిన్ అయితే ముందుగా ఇరుసు మీది ప్లాస్టిక్ గేరును చూడండి. లోహపు ఇరుసు మీద బిగుతుగా ఎక్కించిన ప్లాస్టిక్ గేరు ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుని, పంటి మొదట్లో పగులుతుంది. పగులు వెంట్రుకంత సన్నగా ఉంటుంది, భూతద్దం లేకుండా కనిపించదు. కానీ ఆ చోట రెండు పళ్ల మధ్య ఖాళీ కొద్దిగా వెడల్పవుతుంది, ఎదుటి గేరు అక్కడికి వచ్చిన ప్రతిసారీ టక్కుమంటుంది. గేరు వదులైతే చక్రాల మధ్య దూరం కూడా మారి, పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) దగ్గర పట్టా తప్పడం మొదలవుతుంది. జిగురుతో అతికించడం దండగ, నిలవదు. కొత్త గేరు వేయడమే దారి. పళ్ల సంఖ్య, బయటి వ్యాసం, ఇరుసు రంధ్రం కొలత, ఈ మూడూ సరిపోవాలి. తయారీ ఆగిపోయిన వాటికి ఇప్పుడు త్రీడీ ప్రింట్ గేర్లు దొరుకుతున్నాయి, పళ్ల నునుపు చూసి తీసుకోండి.

ఆవిరి ఇంజిన్ కుంటుతుంటే అనుమానం వేరు. డ్రైవింగ్ చక్రాల్లో ఒక పక్క క్రాంక్ పిన్నుకూ (రాడ్డు తగిలించే మొలకూ) రెండో పక్క పిన్నుకూ మధ్య 90 డిగ్రీల తేడా ఉండాలి. అంతకన్నా ముఖ్యం, ఆ కోణం అన్ని ఇరుసులకూ ఒకేలా ఉండాలి. ఒక్క చక్రం ఇరుసు మీద కాస్త జారినా చక్రాలను కలిపే రాడ్లు పట్టేస్తాయి. మోటారును వేరు చేసి, ఛాసిస్‌ను అద్దం ముక్క మీద వేలితో తోయండి. ఎక్కడ ఆగుతుందో అక్కడ ఏ రాడ్డు బిగుసుకుందో చూడండి. తర్వాత ఆ రాడ్డు తీసేసి మళ్లీ తోయండి. తేలిగ్గా జారితే దొంగ దొరికినట్టే. రాడ్డు రంధ్రాన్ని పెద్దది చేసేసి చేతులు దులుపుకోవడం తేలికే గానీ, చక్రాన్ని ఆ 90 డిగ్రీల కోణం నిలిపే క్వార్టరింగ్ జిగ్‌లో పెట్టి సరిచేయడమే అసలు మరమ్మతు.

ఛాసిస్ మీద సన్నని పగుళ్లు వచ్చి, లోహం ఉబ్బినట్టుంది. బాగు చేయగలమా?

లేదు. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. జింక్ మిశ్రమంలో సీసం లాంటివి కొద్దిగా కలిసినా, ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపలి నుంచే తుప్పు పట్టి, ఉబ్బి, పెళుసై విరిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన వాటిలో ఎక్కువగా కనిపిస్తుంది, తర్వాతి కాలపు కొన్ని పోతల్లోనూ ఉంది. పక్క ఇంజిన్లకు అంటుకుంటుందన్న భయం వద్దు, అది అంటు కాదు. తేమ మాత్రం దాన్ని తొందరపెడుతుంది కాబట్టి పొడి చోట పెట్టండి. ఉబ్బిన ఛాసిస్ బాడీని లోపలి నుంచి నెట్టి పగలగొడుతుంది. అందుకే మొదట బాడీని కాపాడాలి. అవసరమైతే ఛాసిస్‌నే ముక్కలు చేసి బయటికి తీయండి. మోటారు, చక్రాలు, బాడీ బాగుంటే ఇత్తడి రేకుతో చేసిన లేదా త్రీడీ ప్రింట్ ఛాసిస్ మీద కూర్చోబెట్టొచ్చు.

చక్రాలు శుభ్రం చేయడం ఎలా? రబ్బరు టైర్లు మార్చాలా?

కాగితపు టవల్‌ను ఆల్కహాల్‌తో తడిపి పట్టాల మీద పరవండి. ఇంజిన్ ఒక చివరి చక్రాలు కాగితం మీద, మిగతావి పట్టాల మీద ఉంచి, చేత్తో పట్టుకుని నడపండి. నల్లటి గీతలు రావడం ఆగేదాకా కాగితం జరుపుతూ ఉండండి. పట్టు కోసం చక్రాలకు తొడిగే రబ్బరు ట్రాక్షన్ టైర్లు ఎండిపోతే పగిలి, ఇంజిన్ ఎగిరెగిరి నడుస్తుంది. తీసేసి, గాడిలోని పాత జిగురు గీకి కొత్తవి వేయండి. టైరు ఉన్న చక్రం కరెంటు తీసుకోదన్నది మాత్రం మరిచిపోవద్దు. మిగతా చక్రాలన్నిటికీ పిక్-అప్ ఉండేలా చూసుకోండి. నా లెక్కలో పాత ఇంజిన్‌కు చేయగలిగిన వాటన్నిటిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, ఇంకో రెండు చక్రాలకు పిక్-అప్ చేర్చడం. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ, చిన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ముక్క ఉంటే చాలు.

కొత్త పట్టాల మీద పాత ఇంజిన్ దడదడలాడుతోంది. పట్టాల తప్పా?

చక్రాల తప్పు. పాత మోడళ్ల చక్రాల అంచులు లోతుగా ఉండేవి, పట్టాలూ ఎత్తుగా ఉండేవి కాబట్టి సరిపోయేది. కోడ్ 100 పట్టా ఎత్తు 0.100 అంగుళం, కోడ్ 75 అయితే 0.075. పొట్టి పట్టా మీద లోతైన అంచు స్లీపర్ల దగ్గరి బిగింపులను తగులుతూ పోతుంది. చక్రాలు మార్చడం గానీ, లేతు మీద అంచు తగ్గించడం గానీ చేయాలి. మార్చాక రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. 16.5 మిల్లీమీటర్ల గేజిలో (పట్టాల మధ్య దూరంలో), అంటే 1:87 నిష్పత్తి హెచ్ఓలోనూ 1:76 నిష్పత్తి ఓఓలోనూ, అది దాదాపు 14.4 నుంచి 14.5 మిల్లీమీటర్లు ఉంటే పాయింట్ల మీద ఇబ్బంది ఉండదు.

ఏ పాత ఇంజిన్‌కైనా డీసీసీ డీకోడర్ పెట్టొచ్చా?

డీసీసీ అంటే ఒక్కో ఇంజిన్‌ను విడిగా నడిపే డిజిటల్ పద్ధతి, ఆ ఆదేశాలు అందుకుని మోటారును నడిపే చిన్న సర్క్యూటే డీకోడర్. పెట్టొచ్చు గానీ, మామూలు డీసీలో నిదానంగా, సాఫీగా నడవని ఇంజిన్‌కు పెట్టకండి. డీకోడర్ జబ్బును నయం చేయదు, పైపెచ్చు కొత్త తప్పును పాత తప్పును విడదీయలేక తల పట్టుకోవాల్సి వస్తుంది. ముందు శుభ్రం, తర్వాత మెకానికల్ పని, ఆ తర్వాత పిక్-అప్‌లు, అన్నీ అయ్యాకే డీకోడర్.

పెట్టే ముందు మోటారు ఎంత కరెంటు లాగుతుందో చూడాలి. ఆమీటరు కలిపి, 12 వోల్టులు ఇచ్చి, చక్రాలు కదలకుండా ఒక్క క్షణం పట్టుకోండి. అప్పుడు కనిపించేదే స్టాల్ కరెంటు. హెచ్ఓ డీకోడర్లు చాలావరకు 1 ఆంపియర్ నిరంతరంగా తట్టుకునేవి. స్టాల్ కరెంటు డీకోడర్ పరిమితి దాటితే మోటారు మార్చడమో, అయస్కాంతం మార్చడమో, పెద్ద డీకోడర్ తీసుకోవడమో చేయాలి.

ఇక అసలు కీలకం. పాత ఇంజిన్లలో ఒక బ్రష్ నేరుగా ఛాసిస్‌కు తగిలి ఉంటుంది, ఛాసిస్సేమో ఒక పట్టాకు. ఏథర్న్ కంపెనీ పాత డీజిళ్లలో మోటారు అడుగున ఉన్న రాగి క్లిప్పు ఇలాగే చట్రాన్ని తాకుతుంది. ఆ క్లిప్పు ముక్కులను తీసేసి, మోటారు కింద వేడిని తట్టుకునే కాప్టన్ టేపు వేసి, క్లిప్పుకు వైరు టంకం వేయాలి. తర్వాత మల్టీమీటర్‌తో రెండు బ్రష్‌ల నుంచీ ప్రతి చక్రానికీ కొలవండి. ఎక్కడా కంటిన్యుటీ ఉండకూడదు. మోటారు ఎక్కడైనా పట్టాను తాకుతూ ఉండగా డీకోడర్‌కు కరెంటు ఇస్తే అది క్షణంలో కాలిపోతుంది. మామూలు ఇన్సులేషన్ టేపు వేడికి జిగురు కారుతుంది, వాడొద్దు.

డీకోడర్ వైర్లలో ఏది దేనికి?

ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు. నారింజ, బూడిద రంగు వైర్లు మోటారుకు. తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లన్నిటికీ ఉమ్మడి పాజిటివ్. పాత పన్నెండు వోల్టుల బల్బుల చోట ఎల్ఈడీలు వేస్తే ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. ఎల్ఈడీ పాజిటివ్ కాలు నీలం వైపు.

మొదటి పరీక్ష ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు మార్చే విడి పట్టా) మీదే చేయండి, అక్కడ కరెంటు పరిమితంగా ఉంటుంది కాబట్టి తప్పున్నా డీకోడర్ బతుకుతుంది. కొత్త డీకోడర్ అడ్రసు 3. అది సీవీ 1లో ఉంటుంది (సీవీలంటే డీకోడర్‌లో అంకెలతో మార్చుకునే సెట్టింగులు). పాత మోటారు కదలడానికి మొరాయిస్తే సీవీ 2 కొద్దికొద్దిగా పెంచండి. పరుగు ఎత్తుకోవడం సీవీ 3, ఆగడం సీవీ 4. మోటారు టెర్మినళ్ల మధ్య రేడియో అడ్డంకి తగ్గించే పాత కెపాసిటర్ ఉంటే, వేగ నియంత్రణకు అది అడ్డుపడొచ్చు, తీసేయండి.

నా దగ్గరున్నది మార్క్లిన్ కంపెనీ పాత ఇంజిన్. రెండు పట్టాల ట్రాక్ మీద నడుస్తుందా?

నడవదు. ఆ చక్రాలకు మధ్యలో ఇన్సులేషన్ ఉండదు, రెండు పట్టాల మీద పెట్టగానే షార్ట్ అవుతుంది. పాత మార్క్లిన్ హెచ్ఓ ఏసీ మీద నడుస్తుంది, దిశ మార్చడానికి 24 వోల్టుల పల్సు ఒకటి ఇస్తారు. తిరకాసు అటువైపూ ఉంది. మామూలు డీసీ ఇంజిన్‌కు ఏసీ ఇస్తే గుర్రుమంటుందే తప్ప కదలదు, మోటారు కాలిపోతుంది. పాత మార్క్లిన్‌ను డిజిటల్ చేయాలంటే ఫీల్డ్ కాయిల్ (అయస్కాంతం పని చేసే తీగ చుట్ట) తీసి శాశ్వత అయస్కాంతం, ఐదు పోల్స్ ఆర్మేచర్ వేసి, దిశ మార్చే రిలే చోట డీకోడర్ పెడతారు. నడక ఎంతో మెరుగవుతుంది.

ఇలా మారిస్తే పాత ఇంజిన్ విలువ పోదా?

అరుదైనదీ, పెట్టెతో సహా చెక్కుచెదరనిదీ అయితే పోతుంది. అలాంటిదాన్ని శుభ్రం చేసి, నూనె వేసి వదిలేయండి, రంగు జోలికి అసలు వెళ్లొద్దు. ఎన్నో చేతులు మారి, గీతలు పడ్డ ఇంజిన్ మాత్రం నడవడానికే పుట్టింది, ధైర్యంగా మార్చండి. తీసిన ప్రతి భాగాన్నీ చిన్న సంచిలో వేసి, ఇంజిన్ పేరు రాసి దాచండి. పాత రేకు బొమ్మల రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, పొడిగా గరుకు కాగితం పట్టి రుద్దకండి.

దాంతో వచ్చిన పాత ట్రాన్స్‌ఫార్మర్ వాడొచ్చా?

వద్దు. రబ్బరు ఇన్సులేషన్ పెళుసై రాలిపోయి, మెయిన్స్ కరెంటు బయటి డబ్బాకే తగులుతూ ఉండొచ్చు. కొన్నింటిలో ఉండే సెలీనియం రెక్టిఫైయర్ కాలితే విషపు పొగ వస్తుంది. గుర్తుగా దాచుకోవాలనుకుంటే ప్లగ్గు కోసేసి దాచండి. ఇంజిన్‌కు కొత్త కంట్రోలర్ కొనండి.

మరమ్మతు పూర్తయ్యింది. వెంటనే రైలు తగిలించొచ్చా?

ముందు ఒంటరిగా తిప్పండి. సగం వేగంలో అరగంట ముందుకు, అరగంట వెనక్కి. కొత్త బ్రష్‌లు కమ్యుటేటర్ గుండ్రానికి తగ్గట్టు అరగడానికి ఆ సమయం కావాలి. మధ్యలో ఆపి మోటారు మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిది, వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే ఎక్కడో ఇంకా పట్టేస్తోంది. తర్వాత బాడీ మళ్లీ తీసి, బయటికొచ్చిన నూనె తుడిచి, గేర్లలో గ్రీజు నిలిచిందో లేదో చూసి, అప్పుడు రెండు పెట్టెలతో మొదలుపెట్టండి.